పాలు పొంగే చోటు

ఆదివారం

చక్రాలు: ఆరూ బాగున్నాయి. గాలి: పడమటి నుంచి. దుమ్ము: తక్కువ.

ప్రతి బండీ రోజూ ఈ మూడు ముక్కలూ చిట్టాలో రాయాలని మా బండ్లపేట నియమం. నేను పేట మొత్తానికీ చక్రాల మేస్త్రిని కాబట్టి నా చిట్టాలో జాగా కొంచెం ఎక్కువిచ్చారు. బేరింగుల గురించి రాస్తాననుకుని ఇచ్చారు పాపం. నేను నాకు తోచింది రాసుకుంటాను. ఎవరూ చదవరు. చదివితే చదువుకోండి, తాయారుకి ఎవరంటే భయం?

ఇవాళ్టి ముచ్చట ఏమిటంటే, మేం ఆగిపోతున్నాం. సముద్రం మా లంకల్ని మింగేసిన దగ్గర్నుంచి ఇరవై ఏళ్ళుగా చక్రాల మీదే కాపురం. ఎండ బాగా కాసే చోటికి, నీళ్ళు దొరికే చోటికి తిరుగుతూనే ఉన్నాం. ఇన్నాళ్ళకి ఈ కొండల మధ్య ఎర్రమట్టి మెట్ట మాకు కేటాయించారు. రెండు ఊటలున్నాయి. సీతాఫలం చెట్లున్నాయి. పొద్దున్నే దిగి వట్టి కాళ్ళతో నేల మీద నిలబడి, ఇక దీని మీద నుంచి కదలక్కర్లేదు కదా అనుకున్నాను. ఏడుపొచ్చేసింది. ఎవరూ చూడకముందే ముక్కు చీదేసి పనిలో పడ్డాను.

పున్నమికి చక్రాల లారీ వస్తుంది. ఆ రోజుకి చక్రాలు ఊడదీసి లారీకెక్కించిన బండి ఇల్లయిపోతుంది. దాని కింది నేల ఆ ఇంటివాళ్ళది. ఊడదియ్యని బండి మర్నాడు పొద్దున్నే దారి పట్టాలి. అందరూ సరేనన్నారు, ఒక్క మా వదిన తప్ప.

మా వదిన సూరాయమ్మ అంటే మా ఆయన భద్రానికి అక్కగారు. ఆవిడ బండి ఎప్పుడూ మా బండి పక్కనే. డెబ్బై దాటినా తన బండి తనే నడుపుతుంది, బ్రేకు కంటే నోరు ఎక్కువ వాడుతుంది.

“మీరంతా ఊడదీసుకోండమ్మా. నా చక్రాల జోలికి మాత్రం రాకండి,” అంది.

“ఏం వదినా, ఈ చోటు నచ్చలేదా మీకు?” అన్నాను.

“చోటుకేవొచ్చిందే? బంగారం లాంటి చోటు. పాలు పొంగాయా ఇక్కడ?”

ఆవిడే మళ్ళీ అందుకుంది.

“కొత్తింట్లో పాలు పొంగాలి. పొంగి కింద పడాలి. అది జరక్కుండా దిగితే ఇల్లెలా అవుద్ది? మజిలీ అవుద్ది. ఇరవై ఏళ్ళుగా మజిలీల్లోనే ఉన్నాను, ఇంకోటి నాకెందుకు? మీరుండండి. నేనూ, రాణీ పోతాం.”

రాణి ఆవిడ మేక.

నవ్వేవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆవిడ పోతానంటే పోతుంది. ఇరవై ఏళ్ళలో ఆవిడతో నేను తగువు పడని రోజు లేదు, ఆవిడ బండి పక్కన లేకుండా నిద్రపోయిన రోజూ లేదు. ఈ వయసులో ఒక్కత్తీ మేకని వేసుకుని ఏ దుమ్ములో పడి పోతుంది? ఆవిడ లేకుండా ఈ నేల మాత్రం నాకెందుకు?

పాలే కదా, పొంగిస్తాను. అదెంత పని.

సోమవారం

చక్రాలు: ఆరూ బాగున్నాయి. గాలి: పడమటి నుంచి. దుమ్ము: లేదు. నేను మాత్రం నిలువునా తడిసి ఉన్నాను.

అదెంత పని అని నిన్న రాశాను చూడండి, ఆ ముక్క కొట్టేయాలని ఉంది.

మా బళ్ళలో వంటంతా వేడిబిళ్ళ మీదే. గిన్నెలో ఏం జరుగుతోందో దానికి తెలుస్తుంది. పాలు అంచు దాకా రాగానే దానంతటదే చల్లబడిపోతుంది. కదిలే బండిలో ఏదీ పొంగి ఒలకకూడదని అలా తయారుచేశారు. పొద్దున దాని కన్ను మీద గుడ్డ కప్పాను. “దయచేసి గుడ్డ తొలగించండి,” అంది. తొలగించకపోతే అసలు వెలగనంది. దానికి దండం పెట్టి అడిగాను కూడా. వేడిబిళ్ళకి దండం పెట్టిన దాన్ని ఈ పేటలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

పైగా డిపో నుంచి వచ్చే పాలు నురగ రాకుండా చేసి పంపుతారట. ఆ సంగతి వదిన చెప్పింది.

“ఎప్పుడైనా దిగే చోటొస్తే పొంగే పాలు కావద్దా? అందుకే మేకని పెట్టుకున్నా. ఈ రాణి వాళ్ళ ముత్తవ్వని లంకలోంచే బండెక్కించా.”

ఇన్నేళ్ళుగా ఆ మేకల గోల, ఆ వాసన, అర్ధాంతరంగా బండి ఆపి గడ్డి కొయ్యడాలు, వీటి మీద ఆవిడతో ఎంత పోట్లాడానో! అవన్నీ ఎందుకో ఇవాళ తెలిసింది.  రాణికి ఒక అరటిపండు పెట్టి వచ్చాను.

ఇక మిగిలింది నిప్పు. బయట నిప్పు వెలిగించడం తప్పు కాదు, పొగ రావడం తప్పు. కొండలన్నీ తగలబడిన ఏడాది నుంచి ఆకాశంలో కాపలా యంత్రాలు తిరుగుతుంటాయి. గుండ్రంగా, నల్లగా, ఝుమ్మంటూ ఉంటాయని మేం తుమ్మెదలంటాం. ఎక్కడ పొగ కనిపించినా వచ్చి తొట్టెడు నీళ్ళు కుమ్మరిస్తాయి. ఒకే చోట మూడోసారి పొగ కనిపిస్తే ఆ చోటు రద్దు. ఒక్క బండికి కాదు, అందరికీ.

నాలుగు పుల్లలే కదా, పాలు పొంగేలోపు తుమ్మెదకేం తెలుస్తుందిలే అనుకున్నాను. బండి వెనక మూడు రాళ్ళు పెట్టి వెలిగించాను. పాలు ఇంకా గోరువెచ్చనవలేదు, నెత్తిమీద ఝుమ్మంది.

“నమస్కారం. పొగ గుర్తించబడినది. మీ క్షేమమే మా సంతోషం. ఇది మొదటి హెచ్చరిక,” అని ఎంతో మర్యాదగా చెప్పి, నా మీద, పొయ్యి మీద, పాల మీద తొట్టెడు చన్నీళ్ళు పోసి వెళ్ళిపోయింది.

వదిన తలుపులో నిలబడి అంతా చూసింది. “సోమవారం తలంటుకోడం మంచిదేనంటావా?” అంది.

మంగళవారం

చక్రాలు: ఆరూ బాగున్నాయి. గాలి: పడమటి నుంచి, గట్టిగా. దుమ్ము: కళ్ళనిండా.

మధ్యాహ్నం దుమ్ము లేచింది. అలవాటు ప్రకారం కట్టు కట్టాం. కట్టంటే పిల్లల్నీ మేకనీ మధ్యలో పెట్టుకుని, భుజం భుజం కలిపి, గాలికి వీపులిచ్చి గుండ్రంగా నిలబడడం. బళ్ళ దాకా పరిగెత్తే వ్యవధి లేనప్పుడు మాకు ఇదే గోడ. గాలి తగ్గాక అందరం నడుముకి కట్టుకున్న లప్పం ముద్దలు తీసి బండి గోడల్లో ఎక్కడ సందు కనిపిస్తే అక్కడ పూడ్చాం. లప్పం లేకుండా మావాళ్ళు గడప దాటరు. చిల్లు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. మా బళ్ళకి కిటికీలు కూడా లేవు, అవీ చిల్లులే కదా.

దుమ్ము పట్టి పైకప్పు మీది ఎండపలకలు పనిచెయ్యలేదు. చీకటి పడుతుంటే వదిన కొవ్వొత్తి వెలిగించింది. నేను వెళ్ళేసరికి తలుపు గాలికి అది ఆరిపోయింది. వత్తి మీంచి సన్నగా పొగ లేస్తోంది. ఆవిడ లైటర్ తెచ్చి, వత్తికి ఇంకా బెత్తెడు ఎత్తులో ఉండగానే ఆ పొగకి అంటించింది. మంట పొగ వెంట కిందికి దూకి వత్తిని పట్టుకుంది.

“వదినా! మళ్ళీ చెయ్యండి!”

“ఏంటే, కొవ్వొత్తి ఎప్పుడూ చూళ్ళేదా?”

ఊది ఆర్పాను. మళ్ళీ వెలిగించమన్నాను. ఆవిడ తిడుతూనే వెలిగించింది. నాలుగుసార్లు చేయించాను. పొగ కూడా మండుతుంది! పొగంటే మంట తినకుండా వదిలేసిన తిండి, అంతే. దాన్ని బయటికి పోనీకుండా, వేడి గాలి తగిలేలా చేసి మంట చేతే తినిపిస్తే, ఇక తుమ్మెదకి కనిపించడానికి ఏం మిగులుతుంది?

వదినని ముద్దు పెట్టుకున్నాను. “చీ, గ్రీజు కంపు,” అని తుడుచుకుంది.

బుధవారం

చక్రాలు: చూడలేదు. బాగానే ఉండుంటాయి. గాలి: ఏమో. దుమ్ము: ఏమో.

తెల్లారకముందే చెత్తబండి మీద పడ్డాను. బండికి రంగు వేసిన పెద్ద డబ్బా ఒకటి, అందులో దూరి చుట్టూ వేలెడు సందు మిగిలేలా బఠానీల డబ్బా ఒకటి దొరికాయి. రంగు డబ్బాని లోపలా బయటా గీకి పారేశాను, లేకపోతే ఆ రంగే పొగవుతుంది. మూత పెట్టే చోట రేకు కత్తెరతో బఠానీ డబ్బాకి సరిపడా గుండ్రంగా కోసి, దాన్ని బిగించి దించాను. అడుగున ముక్కలు పెట్టి కొంచెం ఎత్తులో నిలబెట్టాను.

అసలు కిటుకంతా చిల్లుల్లో ఉంది. బయటి డబ్బాకి అడుగు దగ్గర చుట్టూ చిల్లులు. లోపలి డబ్బాకి అడుగున చిల్లులు, మళ్ళీ పై అంచుకి కాస్త కింద చుట్టూ ఒక వరస. కింది నుంచి దూరిన గాలిలో కొంత అడుగు నుంచి పుల్లలకి అందుతుంది. మిగతాది రెండు డబ్బాల మధ్య సందులో కాగుతూ పైకెళ్ళి, పై చిల్లుల్లోంచి సరిగ్గా పొగ మీదికి వస్తుంది. పొగ అక్కడే అంటుకోవాలి. పుల్లలు నిండుగా పేర్చి పైనుంచి వెలిగించాలి, మంట నెమ్మదిగా కిందికి దిగాలి. ఈ చివరి సంగతి తెలుసుకోడానికి నా కనుబొమ్మల్లో సగం ఖర్చయ్యాయి.

మొదట గుప్పెడు పుల్లలతో, పక్కనే నీళ్ళ బకెట్టు పెట్టుకుని వెలిగించాను. క్షణం సేపు సన్నగా పొగాడింది. తర్వాత పై చిల్లుల్లో ఒక్కొక్క దానిలోంచీ చిన్న మంట మొలిచింది. చుట్టూ మొలిచాయి, పువ్వు విచ్చుకున్నట్టు! పొగ లేదు. చెయ్యి పైన పెట్టి చూశాను, చుర్రుమంది, మసి లేదు. తుమ్మెద దూరంగా కొండ మీద తన మానాన తను తిరుగుతోంది. నేను డబ్బా చుట్టూ చిందులేశాను. యాభై మూడేళ్ళ చక్రాల మేస్త్రి చిందులేస్తే ఎలా ఉంటుందో చూసినవాళ్ళు రాణి ఒక్కతే.

అక్కడితో ఈ చిట్టా ఆపేస్తే ఎంత బాగుండును.

వదినకి చూపిద్దామని పరిగెత్తాను. ఆవిడ జుట్టు ముడేసుకుని, చెప్పులు వెతుక్కుని, బయల్దేరేసరికి కాస్త ఆలస్యమైంది. వచ్చి, డబ్బా నిండా పుల్లలు పేర్చి, “చూడండి వదినా,” అని గొప్పగా వెలిగించాను.

నల్లటి పొగ తాడిచెట్టంత లేచింది.

“నమస్కారం. పొగ గుర్తించబడినది...”

ఈసారి ఇద్దరం తడిశాం. వదిన కొంగు పిండుకుంటూ నిలబడింది. పొయ్యి తిరగేసి చూశాను. పై చిల్లుల్లో ఒక్కటీ లేదు. అన్నిటినీ నున్నగా, అందంగా, వేలితో అద్ది మరీ లప్పంతో పూడ్చేసి ఉంది.

మా ఆయన బండి చాటు నుంచి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

“డబ్బా నిండా చిల్లులు పడ్డాయే తాయారూ. నువ్వు చూసుకోలేదు గావాలని నేనే మూసేశాను,” అన్నాడు.

నేనన్న మాటలు చిట్టాలో రాయడానికి వీల్లేదు.

గురువారం

చక్రాలు: మావి బాగున్నాయి. గాలి: లేదు. దుమ్ము: లేదు.

పొద్దున పేటంతా మా బండి ముందు చేరింది. ఇంకొక్కసారి పొగ వస్తే అందరి నేలా పోతుంది తల్లీ, ఇక చాలించు అన్నారు. కోపంగా కూడా అనలేదు, బతిమాలారు. అది ఇంకా కష్టంగా ఉంది. వాళ్ళని తప్పు పట్టలేను. నిన్నటి దాకా నేలంటే ఇంకెవరిదో, ఇవాళ అందరి కాళ్ళకీ ఎర్రమట్టి అంటుకుని ఉంది.

మధ్యాహ్నం వదిన వచ్చింది. “వద్దులేవే. నా ఒక్కదాని పంతం కోసం అందరి కొంపా ముంచుతావా?”

“మరి చక్రాలు తీసేయమంటారా?”

“లేదు. వాటికి గ్రీజు పెట్టు. నాలుగోది అరుస్తోంది. ఆదివారం పొద్దున్నే బయల్దేరాలి.”

చక్రాల మేస్త్రి దగ్గరికి ఎవరైనా వచ్చి గ్రీజు పెట్టమంటే పెట్టాలి. ఇరవై ఏళ్ళలో ఎవరికీ కాదనలేదు.

“పెట్టను,” అన్నాను.

“ఏంటీ?”

“మీ చక్రాలకి నేను గ్రీజు పెట్టను వదినా. అరవనివ్వండి. మీరు పోతుంటే అది అరుస్తుంటే నాకు వినపడాలి.”

 ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, “మొండిముండ,” అని వెళ్ళిపోయింది. నేను బండి కింద దూరి తనివితీరా ఏడ్చాను.

ఏడుపయ్యాక డ్రిల్లు తీసి లప్పమంతా తోడేశాను. ఊరికే కూర్చుంటే నా చేతులు ఊరుకోవు. అప్పుడే ఇంకో సంగతి తట్టింది. పొయ్యి ఎంత బాగా మండినా, పాలు పొంగితే ఎక్కడ పడతాయి? నిప్పు మీద! నిప్పు మీద పాలు పడితే పొగ కాక ఇంకేమొస్తుంది? అంటే బుధవారం అంతా బాగానే జరిగి ఉంటే, పాలు పొంగిన ఆ శుభక్షణంలోనే తుమ్మెద వచ్చి అంతా నీళ్ళపాలు చేసేదన్నమాట. మా ఆయన లప్పానికి లోపల్లోపల ఒక దండం పెట్టుకున్నాను. ఆయనకి చెప్పలేదు.

పాత వీల్ క్యాప్ ఒకటి తీసి మధ్యలో కోశాను. వదిన ఇత్తడి గిన్నె అందులో దిగి అంచు దగ్గర ఆగిపోతుంది. కింద పొయ్యికీ గిన్నెకీ మధ్య గాలాడేలా మూడు బోల్టులు నిలబెట్టాను. పొంగిన పాలు వీల్ క్యాప్ మీద పడి, దాని పల్లం వైపు నుంచి నేల మీదికి జారిపోతాయి. పల్లం ఎటు ఉండాలన్నది నా ఇష్టం.

శుక్రవారం

చక్రాలు: బాగున్నాయి. గాలి: కొంచెం. దుమ్ము: తక్కువ.

మా ఆయన రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినలేదు. పొద్దున్నే ఏమనుకున్నాడో, పొయ్యిని నెత్తిన పెట్టుకుని బండి బండికీ తిరిగాడు. నేను వెనక నడిచాను. ప్రతి గుమ్మంలో దించి, చిల్లుల్లోకి ఊది, అవతల చేత్తో గాలి పట్టించి చూపించాడు.

“తప్పు పొయ్యిది కాదు, నాదండి. ఇది చిల్లు కాదు, దీని ముక్కు. నేను ముక్కు మూసేశాను. మా అక్కకి ఇల్లు లేకుండా పోయేలా ఉంది. ఒక్కసారి వెలిగించి చూపిస్తాం, నీళ్ళ బిందెలతో చుట్టూ మీరే నిలబడండి. పొగ వచ్చేలా ఉంటే మీరే ఆర్పెయ్యండి.”

మా ఆయన పెళ్ళిచూపుల్లో కూడా అన్ని మాటలు మాట్లాడలేదు.

పేట మధ్యలో వెలిగించాను. బిందెలెత్తి నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే ఉన్నారు. చిల్లులన్నిట్లోంచీ మంట మొలిచింది. పొగ లేదు. ఒకావిడ బిందె దించి నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. ఇంకొకాయన చెయ్యి నడుము దగ్గరి లప్పం వైపు వెళుతుంటే ఆయన భార్య చట్టున ఒకటి కొట్టింది.

రేపు పున్నమి. రేపు పొద్దున్నే పాలు. వదినకి చెప్పడానికి నేను వెళ్ళలేదు. ఆవిడే తలుపు సందులోంచి చూస్తోందని నాకు తెలుసు.

శనివారం, పున్నమి

చక్రాలు: కింద చూడండి. గాలి: చెప్తాను. దుమ్ము: ఉంటే ఉంది.

పొద్దున్నే పెద్ద బుట్ట పట్టుకుని నిలబడి, పాలు పొంగాక ఇచ్చేస్తానని చెప్పి అందరి లప్పం ముద్దలూ అందులో వేయించాను. మా ఆయన దగ్గర రెండు దొరికాయి. “ఒకటి అలవాటుకి, ఒకటి అవసరానికి,” అన్నాడు. రెండూ లాక్కున్నాను.

వదిన పట్టుచీర కట్టుకుని వచ్చింది. దాని మడతలు ఇరవై ఏళ్ళుగా విప్పలేదు, మడత మడతకీ గీత పడి ఉంది. పక్కన రాణి, కొమ్ములకి పసుపు. గిన్నెలో ఆ పూట పితికిన పాలు. లారీ అప్పటికే వచ్చి ఎదురుచూస్తోంది, డ్రైవరు కూడా దిగివచ్చి గుంపులో నిలబడ్డాడు.

నేను ఒంగుని పుల్లలు పేరుస్తున్నాను. ఒక్కసారి నింపితే అంతే, మధ్యలో పచ్చి పుల్ల ఒక్కటి వేసినా పొగే. అందుకని దగ్గర దగ్గరగా, నిటారుగా, పళ్ళు బిగబట్టి పేరుస్తున్నాను. తలెత్తి చూసేసరికి గిన్నె నిండుగా ఉంది.

“ఇదేంటి వదినా? సగమే ఉండాలిగా?”

“అందరిదీ కొత్తిల్లేగా. బండికో చెంచా పొయ్యమన్నాను.”

“ఏం పాలు పోశారు?”

“వాళ్ళ దగ్గరేం ఉంటాయి, డిపో పాలే.”

“నురగ రాని పాలు కదా వదినా అవి!”

ఆవిడ మొహం పాలిపోయింది. పేటంతా తలలు దించుకుంది. అంత ప్రేమగా పోసినవాళ్ళని ఏమనగలం? రాణి దగ్గర ఇంకో చుక్క లేదు. వెలిగించాను.

మంట బాగానే మొలిచింది. తుమ్మెద రోజూ తిరిగే వేళ అదే, వచ్చి మా నెత్తిన ఆగి చూస్తూ నిలబడింది. దాని నీడ గిన్నె మీద పడుతోంది.  పాలు కాగాయి. అంచున చిన్న చిన్న బుడగలు వచ్చాయి. మంట కిందికి దిగిపోతోంది, పుల్లలు సగమైపోయాయి, పాలు మాత్రం బద్ధకంగా ఆవిరి కక్కుతున్నాయి. అప్పుడే పడమటి గాలి లేచింది. మంట పక్కకి వాలిపోయింది. చిల్లుల్లోని మంటలు ఒక్కొక్కటే ఆరుతున్నాయి, సన్నటి పొగ గీత ఒకటి లేవబోతోంది. అయిపోయింది అనుకున్నాను. ఇటు ఇల్లు, అటు వదిన, రెండూ పోయాయి.

“కట్టు!” అని అరిచింది వదిన.

నాకంటే ముందు అందరి కాళ్ళకీ తెలిసింది. భుజం భుజం కలిపి, గాలికి వీపులిచ్చి, పేటంతా పొయ్యి చుట్టూ గోడైపోయింది. లారీ డ్రైవర్ని కూడా లాగేశారు. లోపల గాలి నిలిచిపోయింది. ఆరిపోయిన చిల్లుల్లో మళ్ళీ మంట మొలిచింది, పొగ గీత మాయమైంది. ఎవరి ఉక్క వాళ్ళకి, ఎవరి చెమట వాళ్ళకి. రాణి నా మోకాలి మీద తల ఆనించి నిలబడింది.

పాలు కదిలాయి. మధ్యలో ఉబ్బాయి. దిగిపోయాయి. మళ్ళీ ఉబ్బాయి, అంచుని తాకాయి, ఆగాయి. వదిన నా మణికట్టు పట్టుకుంది, గోళ్ళు దిగాయి. “రావే తల్లీ,” అంటోంది, “రావే, రావే, ఇల్లు చేరావు, రావే,” అంటోంది.

తెల్లగా పైకి లేచి, అంచు దాటి, బుసబుసా పొంగాయి! వీల్ క్యాప్ మీద పడి, తిన్నగా తూర్పుకి జారి, ఎర్రమట్టి మీద తెల్లటి చారలా పడ్డాయి. ఒక్క చుక్క నిప్పులో పడలేదు.

ఆ అరుపులు కొండ అవతలికి వినిపించి ఉంటాయి. అందరూ అందర్నీ కావలించుకున్నారు. మా ఆయన లారీ డ్రైవర్ని కావలించుకుని ఏడ్చాడు. పైన తుమ్మెద ఇంకా అక్కడే ఉంది.

“నమస్కారం,” అంది. “పొగ కనిపించలేదు. ఆవిరి గుర్తించబడినది. మీ క్షేమమే మా సంతోషం.” ఝుమ్మని కొండ మీదికి వెళ్ళిపోయింది.

వదిన ఒంగుని నేల మీది పాలలో వేలు ముంచి కళ్ళకద్దుకుంది. లేచి నా వైపు తిరిగింది.

“ఏమే మేస్త్రీ, గుడ్లప్పగించి చూస్తావేం? నా చక్రాలు ఎవరూడదీస్తారు, మీ ఆయనా? స్పానరు తే.”

ముందు నాలుగోదే తీశాను, ఆ అరిచేదాన్ని.

ఆదివారం

చక్రాలు: లేవు. గాలి: తూర్పు నుంచి, చల్లగా. దుమ్ము: ఉంటే ఉండనీ.

ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఇలా రాశాను. పేటకి ఇక చక్రాల మేస్త్రి అక్కర్లేదు. నాకేం బెంగ లేదు, చేతినిండా పని ఉంది. ప్రతి ఇంటికీ పొయ్యి కావాలిట. పొద్దుటికి గుమ్మం ముందు డబ్బాలు గుట్ట పడి ఉన్నాయి. అందరికీ ఒకటే షరతు పెట్టాను: ఎవరి చిల్లులు వాళ్ళే పెట్టుకోవాలి, చేతికి అలవాటవ్వాలి. మా ఆయన ముందు వరసలో కూర్చుని, ఒక్కో చిల్లు పెట్టాక దాని వంక దిగులుగా చూసుకుంటున్నాడు.

వదిన వచ్చి పక్కన కూర్చుంది. పిడికిలి విప్పింది. అందులో ఒక వాషరు.

“పొయ్యి కింద దొరికింది. పడమటి వైపు.”

“అదీ... పాలు నిప్పులో పడకుండా పక్కకి పోవాలి కదా వదినా, అందుకని కొంచెం వాలుగా...”

“పక్కకి పోవాలంటే ఉత్తరానికి పోకూడదా? దక్షిణానికి పోకూడదా? తిన్నగా తూర్పుకే పోవాలా?”

దొరికిపోయాను. తూర్పుకి పొంగడం శుభం, అలా పొంగితే ఆవిడ ఇక కదలదని నాకు తెలుసు. కానీ ఏ దిక్కుకైనా పాలు వాటంతటవే పొంగాలి, మనం వాల్చకూడదు. ఇప్పుడు లారీని వెనక్కి పిలిచి మళ్ళీ చక్రాలు బిగించమంటుందేమో అనుకున్నాను.

ఆవిడ వాషరుని నా చేతిలో పెట్టి నా వేళ్ళు మూసింది.

“లంకలో మేం ఇంట్లో దిగిన రోజు మా అత్తగారు పొయ్యి కింద పెంకు పెట్టింది. నేను చూశాను. నేను చూడడం ఆవిడ చూసింది. చచ్చేదాకా ఇద్దరం నోరెత్తలేదు. ముప్ఫై ఏళ్ళు ఆ ఇంట్లో చల్లగా ఉన్నాం,” అంది. “నిన్న నువ్వు పెడుతుంటే ఇవతల నుంచి చూశాలే.”

నేను ఆవిడ భుజం మీద తల పెట్టాను. ఈసారి గ్రీజు కంపని అనలేదు.

కాసేపయ్యాక లేచి, తన బండి దగ్గరికి, కాదు, తన ఇంటి దగ్గరికి నడిచింది. లోపలికి రమ్మంది. తూర్పు గోడ మీద అరచెయ్యి ఆనించి చూపించింది.

“డ్రిల్లు తెచ్చావా? ఇక్కడ పెట్టు.”

“ఏం పెట్టను?”

“చిల్లు. పెద్దది. తల పట్టేంత. పొద్దున లేవగానే రాణి కనపడాలి నాకు.”

రేకు కత్తెరతో కోసి ముక్క బయటికి తోశాను. వెలుగు లోపలికి వచ్చి ఎదురు గోడ మీద పడింది. వెనకే గాలి వచ్చింది, గాలితో పాటు కాస్త ఎర్రమట్టి కూడా. వదిన చెయ్యి దానంతటదే నడుము దగ్గరికి, లప్పం ముద్ద మీదికి వెళ్ళింది.

అక్కడ ఆగింది.

“రానీ,” అంది.